పన్నెండో ప్రశ్న

చెప్పులు విడవొద్దు డాక్టరమ్మా,
గడపలోనే పొట్టు, కాలికి గుచ్చుకుంటాది.
ఉదయగిరిలో మాది కొయ్యగరిటెల పని.
నర్ది కొయ్యేదో, బిల్లు కొయ్యేదో
కళ్ళు మూసి వాసనతో చెప్పేస్తాడు మా కాలేషా.
నీ పేరేంది అంటే మాత్రం చెప్పడు.

పదేళ్ళ కిందట, నెల్లూరు పెద్దాసుపత్రిలో
ఎనభై నాలుగు ప్రశ్నలడిగారు.
అన్నీ నన్నే.
వాడు నా పక్కనే ఉన్నాడు,
బల్ల అంచు గోటితో గీకి
అదేం కొయ్యో కనుక్కుంటా.
కళ్ళలోకి చూస్తాడా? ఇది పన్నెండోది.
లేదన్నా.
ఆటలాడతాడా?
లేదన్నా.
గరిటెల్ని పొడుగు చూసి వరస పెట్టడం
ఆటేనని నాకెవరు చెప్పారు?
బస్సు దిగేసరికి నా బిడ్డ
లేదుల మూటైపోయినాడు.
ఆ కాగితాలు ఏ బీరువాలో
చెదలు చదువుకున్నాయో,
మాకైతే కబురు లేదు.

నువ్వొచ్చినప్పుడూ అదే అనుకున్నా.
టీ కూడా పెట్టలేదు, గుర్తుందా?
ఖాళీ కాగితం చాప మీద పరిచి
"ఏం అడగాలో మీరే చెప్పండి" అన్నావు.
కొయ్య లేకుండా గరిటె చెక్కమన్నట్టుందని
నవ్వొచ్చింది నాకు.

వాడు నవ్వలేదు.
మూడు రోజులు ఆ కాగితం చుట్టూ తిరిగాడు.
నాలుగో రోజు నా ఫోను లాక్కుని
ఒక్కో అక్షరం, ఉలి దెబ్బలాగా:
"ట్యూబులైటు అరుస్తుంది. అది అడగండి."

కూడబలుక్కుని చదువుకుని
గోడకానుకుని కూచున్నా.
గాలి సోకిందని ఏఎస్ పేట దర్గాలో
మూడు గురువారాలు నిద్ర చేయించిందీ,
తాయెత్తు కట్టించిందీ
ట్యూబులైటుకా!

మీటింగుకి వాడి షరతులు వాడివి.
లైటు వద్దు, ఫ్యాను వద్దు, చప్పట్లు వద్దు.
మే నెలలో, నెల్లూరులో, ఫ్యాను ఆపడమంటే
మాటలా?
పెద్ద ప్రొఫెసరు గారి చొక్కా
వీపుకంటుకుపోయింది.
అయినా లేవలేదాయన, అది ఒప్పుకోవాలి.
పాత ప్రశ్నలు దిద్దమంటే
వాడు పన్నెండో దాన్ని అడ్డంగా కొట్టేసి
కింద రాశాడు:
"చూస్తే వినలేను. మీకు ఏది కావాలి?"

అప్పుడు లేచాడు కందుకూరు బ్రహ్మయ్య,
బోరు మోటార్లు బాగుచేసే ఆయన.
"ఇదంతా సరే.
నా కూతురు ఎప్పటికన్నా నన్ను నాయనా అంటాదా?
దానికి జవాబుందా మీ కాడ?"
మోటారు పక్కన అరిచి అరిచి
పెరిగిన గొంతు ఆయనది.
మా వాడు చెవులు మూసుకుని బల్ల కింద దూరాడు.
ఎవరమూ మాట్లాడలేదు.

సాయంత్రం నువ్వు పంపిన కాగితంలో
"చర్చ చక్కగా జరిగింది" అని ఉంది.
ఆత్మకూరు దాటినాక,
ఎడమపక్క రెండో కిటికీ, అది వాడి సీటు,
అందులో కూచుని నీకు కొట్టాడు చూడు:
"బ్రహ్మయ్య ప్రశ్న పోయింది. పెట్టండి."

ఆయన గొంతు భరించలేనోడు
ఆయన మాట మాత్రం పారేసుకోలేదు.
నువ్వు పెట్టావు.
జవాబు కాడ ఖాళీ వదిలావు.
అబద్ధం రాయలేదు.
అందుకే ఈ పూట టీ.

పుస్తకం తెచ్చావా, ఏదీ?
పరిశోధకులు అన్న చోట నీ పేరు, ప్రొఫెసరు పేరు,
షేక్ కాలేషా,
షేక్ మస్తాన్‌బీ.
బ్రహ్మయ్య ఇంటిపేరు తప్పు పడింది, దిద్దించు.
వచ్చే నెల బస్సు చార్జీలు ముందే పంపించు,
పోయినసారి అప్పు చేసొచ్చాం.

ఉండు, వాడేదో ఇస్తున్నాడు, తీసుకో.
మొహం చూడడు, నువ్వేం అనుకోకు.
చెక్కడం ఇంకా పూర్తి కాలేదు ఆ గరిటె.
వాసన చూసి ఏ కొయ్యో చెప్పాలంట.
తొందరేం లేదు,
తప్పు చెప్పినా ఏమనడు.
రాసుకుంటాడు.